పలకరింపు సంఘం, మూడో అంతస్తు

ఆ శనివారం నేను చెయ్యవలసిన పనులు ఇవి.

పోస్టుమార్టం చేసిన డాక్టరుకు ఫోన్ చెయ్యాలి.

లిఫ్టు తాత గదికి ఇన్‌స్పెక్టరు సీలు వెయ్యకముందే లోపల చూడాలి.

ఆసుపత్రి నుంచి వచ్చిన పక్కగది పిన్నిగారితో మాట్లాడాలి.

సంఘం అధ్యక్షుణ్ణి కలవాలి.

చీకటి పడేలోగా టైలరమ్మ పోలీసు జీపు ఎక్కకుండా చూడాలి.

చొక్కాలు ఇస్త్రీకి ఇవ్వాలి.

చివరిది తప్ప అన్నీ అయ్యాయి. అయినందుకు సంతోషించానని మాత్రం చెప్పలేను.

టైలరమ్మ పొద్దున్నే నా గది తలుపు తట్టింది. ఒకప్పుడు బీమా కంపెనీలో క్లెయిములు నిజమో అబద్ధమో విచారించే ఉద్యోగం నాది. ఆ కంపెనీ మూతపడింది, పేరు మిగిలింది. ఇప్పటికీ అందరికీ నేను క్లెయిముల బాబునే. నా గదికి వచ్చేవాళ్ళు తక్కువ. ఉన్న ఒక్క కుర్చీ మీద నా తడి తువ్వాలు ఆరుతూ ఉంటుంది. ఆమె ఆ తువ్వాలు తీసి, మడతపెట్టి, ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

“సాయంత్రం నన్ను తీసుకెళ్తారంట బాబూ. తాతని నేనే చంపినట్టంట,” అంది.

“తాత మీకేమవుతాడు?”

“ఏమీ కాడు. మూడో అంతస్తులో ఉంటాడు.” ఒక్క క్షణం ఆగి, “ఉండేవాడు,” అని సరిచేసుకుంది.

ఆమె చెప్పింది ఇది. ఆ భవనంలో నాలుగు అంతస్తులు, అన్నీ ఒంటిగదులు, చాలావరకు ఒంటిమనుషులు. కొన్నేళ్ళ కిందట రెండో అంతస్తులో ఒకాయన చనిపోతే, వాసన వచ్చేదాకా ఎవరికీ తెలియలేదు. ఆ సిగ్గులోంచి పలకరింపు సంఘం పుట్టింది. ఇరుగుపొరుగు సంఘాలకు చిన్న చిన్న గ్రాంట్లిచ్చే సంస్థ ఒకటుంది. ఎక్కడో ఒక వీధికి బెంచీలకిస్తుంది, ఇంకో వీధికి పుస్తకాల బీరువాకిస్తుంది. అధ్యక్షుడు దానికి అర్జీ రాశాడు. వచ్చిన గ్రాంటుతో కింద హాల్లోకి కుర్చీలు, టీ కాచుకునే కెటిలు, ప్రతి గదికీ మారు తాళంచెవులు, తలుపు లోపలివైపు ఒక్కో కొక్కెం వచ్చాయి. తలుపులకు కట్టే గుడ్డలు మాత్రం టైలరమ్మ తన దుకాణంలో మిగిలిన ముక్కలతో కుట్టింది. అందుకే ఒక గదిది ఇంకో గదిదానిలా ఉండదు.

పడుకోబోయే ముందు తలుపు పిడికి బయటివైపు గుడ్డ కట్టాలి. పొద్దున్న ఆ గుడ్డ అక్కడ ఉండకూడదు. తొమ్మిదింటికి టైలరమ్మ అన్ని అంతస్తులూ తిరుగుతుంది. ఎక్కడైనా గుడ్డ ఇంకా వేలాడుతుంటే తలుపు తడుతుంది. పలక్కపోతే మారు తాళంతో తీస్తుంది. గుడ్డ లేకపోతే మాత్రం తట్టకూడదు. జాలిపడి తలుపులు కొట్టే మనుషులంటే ఒంటరివాళ్ళకు ఒళ్ళు మంట. ఆ నియమం లేకపోతే సగంమంది సంఘంలో చేరేవాళ్ళే కాదు.

మంగళవారం గ్రాంటు సంస్థ నుంచి ఒక మేడం వచ్చింది. పథకం బాగుంటే వీధిలోని మిగతా భవనాలకు కూడా గ్రాంటు ఇస్తారు. టైలరమ్మతో పాటు ఆమె అంతస్తులన్నీ తిరిగింది. ఒక్క తలుపుకూ గుడ్డ లేదు. మెచ్చుకుని, ఫోటోలు తీసుకుని వెళ్ళింది. శుక్రవారం పక్కగది పిన్నిగారు కంటి ఆపరేషన్ చేయించుకుని తిరిగొచ్చి, ఎంత పిలిచినా తాత పలక్కపోవడంతో తలుపు తీయించింది. తాత స్నానాల గది గడప దగ్గర పడి ఉన్నాడు. ప్రాణం లేదు.

“మారు తాళాలు ఎవరి దగ్గరుంటాయి?”

“నా దగ్గర ఒక గుత్తి, అధ్యక్షుడుగారి దగ్గర ఒక గుత్తి. ఇంకెక్కడా లేవు.”

“బుధ, గురువారాలు మీరు తిరగలేదా?”

“తిరిగాను. తాత తలుపుకు గుడ్డ లేదు. అలిగాడనుకున్నాను.” ఆమె తువ్వాలు మడత విప్పి మళ్ళీ మడతపెట్టింది. “సోమవారం మధ్యాహ్నం మేమిద్దరం కాస్త మాటా మాటా అనుకున్నాం బాబూ. ఫోటోలు తీస్తారు, మంచి చొక్కా వేసుకో తాతా అన్నాను. నేనేమన్నా ఎగ్జిబిషన్లో బొమ్మనా, రేపట్నుంచి గుడ్డే కట్టను, ఏం చేసుకుంటావో చేసుకో అన్నాడు. వరండా అంతా విన్నది.”

ఇన్‌స్పెక్టరు కూడా విన్నాడు, వరండా ద్వారా.

*

డాక్టరుకు దారిలో ఫోన్ చేశాను. “తుంటి ఎముక విరిగింది. పడింది మంగళవారం తెల్లవారుజామున. పోయింది బుధవారం రాత్రి. కొన్ని గంటలు అటూ ఇటూ,” అన్నాడు.

“ఈ మధ్యలో?”

“మధ్యలో బతికే ఉన్నాడయ్యా. మధ్యలో ఇంకేముంటుంది?”

ఆ భవనానికి లిఫ్టు లేదు. జీవితమంతా ఒక పెద్ద ఆఫీసులో లిఫ్టు నడిపిన మనిషి, రిటైరయ్యాక లిఫ్టు లేని చోట మూడో అంతస్తులో అద్దెకున్నాడు. అడిగినవాళ్ళకు ‘ఎక్కింది చాలదా, ఇప్పుడు నడుస్తున్నా’ అనేవాడట. మెట్లు ఎక్కేసరికి నాకు ఆయాసమొచ్చింది. మెట్ల మలుపులో పెద్ద బ్యానరొకటి ఇంకా కట్టి ఉంది. సంఘం పేరు, దాని కింద ‘ఇక్కడ ఎవరూ ఒంటరి కారు’ అన్న అక్షరాలు.

“ఇది మీరు కట్టిందా?” అని టైలరమ్మను అడిగాను.

“కాదు. ఆ పొద్దున్నే ప్రెస్సు నుంచి రావాల్సింది. మేడంతో నేను ఎక్కి వచ్చేసరికే కట్టేసి ఉంది.”

ఇన్‌స్పెక్టరు తాత గది గుమ్మంలో నిలబడి ఉన్నాడు. మేమిద్దరం ఒకే ఏడాది పోలీసు ఉద్యోగానికి పరీక్ష రాశాం. అతను పాసయ్యాడు. కలిసినప్పుడల్లా ఆ సంగతి నాకు గుర్తుచెయ్యడం అతనికి కాలక్షేపం.

“రావయ్యా క్లెయిములూ. ఎవరి చెల్లింపు ఆపడానికొచ్చావు?”

“నీ జీపు ఆపడానికి.”

“అది పెట్రోలు లేకపోతేనే ఆగుతుంది. పరీక్ష పాసైనవాణ్ణి, నాలుగు ముక్కల్లో చెప్తా విను. తాళాలు రెండు గుత్తులు. ఒకటి అధ్యక్షుడిది. ఆయన తొమ్మిదింటికి గ్రాంటు మేడంతో పాటు వచ్చాడు, ఆమె వెళ్ళేదాకా పక్కనే ఉన్నాడు. రెండోది ఈవిడది. ముందురోజు తాతతో గొడవ. పొద్దున్నే వచ్చి చూసుకుంది. ముసలాయన పడి ఉన్నాడు. మేడం వచ్చే టైము. బయటపడితే పథకం గంగలో కలుస్తుంది. గుడ్డ విప్పి లోపల పడేసి, తాళం వేసి, ఏమీ ఎరగనట్టు మేడంతో తిరిగింది. అంతే కథ.”

టైలరమ్మ వరండాలోనే ఉంది.

“తాత గుడ్డ కట్టలేదేమో. కట్టనని అన్నాడుగా,” అన్నాను.

“అయితే ఇంకా మంచిది. గుడ్డ లేదని తెలిసీ మూడు రోజులు తొంగి చూడలేదు. నిర్లక్ష్యం. ఎటు తిప్పినా జీపు ఈవిడ దగ్గరికే వస్తుంది. నా దగ్గర నీ పప్పులుడకవు గానీ, చూసుకో, పది నిమిషాలిస్తున్నా.”

ముందు తలుపు బయటివైపు చూశాను. పిడి వెనక, చెక్కకూ ఇత్తడికీ మధ్య, ఆకుపచ్చ నాడా ముక్క ఒకటి బిగుసుకుని ఉంది. చిటికెన వేలి గోరంత. పక్కగది పిడిని తడిమాను, ఎదురుగదిదీ తడిమాను. ఏమీ లేదు.

లోపలికెళ్ళి తలుపు వెనక కొక్కెం చూశాను. రెండు గుడ్డలు తగిలించి ఉన్నాయి. కింద పసుపు పువ్వుల గుడ్డ. దాని మీద ఆకుపచ్చ చుక్కల గుడ్డ. ఆకుపచ్చదాని నాడా ఒకవైపు తెగి పోగులు లేచి ఉంది.

“ఆకుపచ్చది తాతది,” అంది టైలరమ్మ గుమ్మం బయటినుంచే. “పసుపుది పిన్నిగారిది.”

“ఆవిడది ఈయన గదిలో ఎందుకుంది?”

“ఉంటుంది మరి,” అంది, అందులో అడగడానికేముందన్నట్టు.

స్నానాల గది గడప దగ్గర నేల మీద దిండుంది. మంచం గదికి ఆ చివర, కిటికీ కింద. మంచం మీద దుప్పటి నాలుగు మూలలూ లాగి సర్ది ఉంది. తల వైపు, దిండు ఉండాల్సిన చోట కూడా దుప్పటి అంచు తిన్నగా మడిచి ఉంది.

“దిండు ఎవరు తెచ్చారు?” అన్నాను.

“ఆయనే పాక్కుంటూ వెళ్ళి లాక్కున్నాడు,” అన్నాడు ఇన్‌స్పెక్టరు.

“తుంటి విరిగినవాడు గది ఆ చివరకు పాక్కుంటూ వెళ్ళి, దిండు లాక్కుని, దుప్పటి అంచు మడిచి, మళ్ళీ పాక్కుంటూ స్నానాల గదికి వచ్చి పడుకున్నాడా? మంచం దాకా వెళ్ళినవాడు మంచం దగ్గరే ఉండిపోడా?”

ఇన్‌స్పెక్టరు మంచం వైపు చూశాడు. “అయితే ఈవిడే పెట్టింది,” అన్నాడు. కానీ ఈసారి గొంతులో కాస్త ఊపు తగ్గింది.

వంగి చూస్తే ఇంకొకటి కనిపించింది. పిన్నిగారి గదివైపు గోడకు, నేల నుంచి జానెడు ఎత్తులో, సున్నం పెళ్ళలు రాలి గుంటలు పడ్డాయి. కింద సొట్టలు పోయిన మగ్గు. పడుకున్నచోటు నుంచి చెయ్యి చాపితే అందేది ఆ గోడ ఒక్కటే. అవతల గదికి తాళం. నేను ఆ మగ్గు తీసి చూసి, ఉన్నచోటే పెట్టేశాను. గుంటలు లెక్కపెట్టలేదు.

*

పిన్నిగారు ఒక కంటికి కట్టుతో మంచం మీద కూర్చుని ఉంది. నేను కుర్చీ లాక్కున్న చప్పుడు విని, “ఎవరూ, క్లెయిముల అబ్బాయేనా? మీ కంపెనీ మా ఆయన పాలసీకి పెట్టిన తిప్పలు నేనింకా మర్చిపోలేదు,” అంది.

“అప్పుడు సంతకం నాది కాదు పిన్నిగారూ.”

“ఎవరిదైతేనేం. అడుగు.”

“మీరు ఆసుపత్రికి ఎప్పుడు వెళ్ళారు?”

“మంగళవారం పొద్దున్న వెళ్ళాల్సింది. ముందురాత్రే వచ్చి చేరమని కబురు పెట్టారు. సోమవారం సాయంత్రమే పోయాను. ఎవరికీ చెప్పే టైము లేదు. తాత ఒక్కడికే చెప్పాను.”

గుమ్మం దగ్గర టైలరమ్మ తలెత్తింది. ఆ సంగతి ఆమెకు అప్పుడే తెలిసింది.

“మీరు వెళ్ళేటప్పుడు తాత ఏం చేస్తున్నాడు?”

“గుడ్డ కడుతున్నాడు. మెట్లు దిగుతూ వెనక్కి చూశాను. ‘అలిగావు కదా, మళ్ళీ కడుతున్నావేం’ అన్నాను. ‘అలక టైలరమ్మ మీద, గుడ్డ మీద కాదు’ అన్నాడు.” పిన్నిగారు కట్టు లేని కన్ను తుడుచుకుంది. “నా గుడ్డ ఆయన దగ్గరే ఉంచమన్నాను, వచ్చాక తీసుకుంటానని. ఎటూ పగలు అక్కడే ఉండేదేగా.”

“మీ గుడ్డ పగలు ఆయన దగ్గరెందుకుంటుంది?”

“మరి నా గుడ్డ ఆయనే కదా తీసేది.”

నేను అర్థంకానట్టు చూశాను కాబోలు. ఆమె ఓపిగ్గా చెప్పింది. “మొదట్లో ఎవరిది వాళ్ళమే తీసుకునేవాళ్ళం. ఒక నెల గడిచింది. తలుపు సందులోంచి చెయ్యి చాపి గుడ్డ లాక్కోవడం, తలుపేసుకోవడం. మనిషి మొహం మనిషి చూసింది లేదు. ఇదేం పలకరింపు నాయనా? అప్పుడు తాత అన్నాడు, లిఫ్టు తలుపు లోపలున్నవాడు తియ్యకూడదు, ఇంకొకడు తియ్యాలి, అదీ మర్యాద అని. అప్పట్నుంచి జతలు పెట్టుకున్నాం. ఆయన గుడ్డ నేను, నా గుడ్డ ఆయన. తలుపు తట్టి ‘లేచావా’ అంటాను. ‘లేచానమ్మా’ అంటాడు. అప్పుడు విప్పి నా గదిలో నా కొక్కేనికి పెట్టుకుంటాను. సాయంత్రం ఎవరిది వాళ్ళకిచ్చేస్తాం. అంటే ఇంకో రెండు మాటలు.”

“జత ఊళ్ళో లేకపోతే?”

“టైలరమ్మే జత. తీసి తన సంచిలో వేసుకుంటుంది.”

నేను టైలరమ్మ వైపు తిరిగాను. “ఇదంతా మీరు నాకు చెప్పలేదేం?”

“మీరు అడగలేదుగా బాబూ. ఇన్‌స్పెక్టరుగారు కూడా సంఘం నియమాలేంటనే అడిగారు. ఇది నియమం కాదు. మాలో మేం చేసుకున్న ఏర్పాటు.”

“మంగళవారం తాత గుడ్డ లేకపోతే ఏమనుకున్నారు?”

“పిన్నిగారు ఆసుపత్రికి వెళ్ళే ముందు తీసి ఉంటారనుకున్నాను. పొద్దున్న వెళ్తారనే కదా నాకు తెలుసు.”

“అధ్యక్షుడికి ఈ జతల సంగతి తెలుసా?”

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పిన్నిగారే చెప్పింది. “ఆయన మీటింగులకు వస్తాడు, సంతకాలకు వస్తాడు. పొద్దున్నపూట ఇక్కడెప్పుడు చూశాడు?”

“చెప్పొద్దనే అనుకున్నాం బాబూ,” అంది టైలరమ్మ. “చెబితే అర్జీలో రాసినట్టు లేదంటాడు. పథకంలో మార్పు చెయ్యాలంటే గ్రాంటు వాళ్ళ అనుమతి కావాలంటాడు. దానికి మళ్ళీ మీటింగు, మళ్ళీ తీర్మానం. ఇద్దరు మనుషులు లేచావా అని అడుక్కోవడానికి అనుమతేంటి?”

“నాడా విప్పడం ఎలా?”

ఆమె పిన్నిగారి కొక్కెం మీద గుడ్డ కోసం వెతికి, లేకపోయేసరికి, తన చీర కొంగును తలుపు పిడికి కట్టి చూపించింది. జారుముడి. పొడుగు కొస పట్టుకుని లాగితే ఊడి వస్తుంది. పొట్టి కొస లాగితే బిగుసుకుంటుంది. “పిన్నిగారి వేళ్ళు వంగవు కదా, అందుకని నేనే అందరికీ నేర్పించాను,” అంది.

*

కింద హాల్లో అధ్యక్షుడు ఒక్కడే ఉన్నాడు. స్కూల్లో పెద్ద గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. పక్క వీధిలో సొంత ఇల్లు. భార్య పోయాక ఆ ఇంట్లో ఉండేది తక్కువ, ఈ హాల్లో ఉండేది ఎక్కువ అని విన్నాను. మేం వెళ్ళేసరికి కుర్చీలు వరసలో పెడుతున్నాడు. ఎవరూ కూర్చోని కుర్చీలు. ఒకటి కాస్త పక్కకు జరిగి ఉంటే వెళ్ళి సరిచేసి వచ్చాడు.

ఇన్‌స్పెక్టరు గోడకు ఆనుకుని చేతులు కట్టుకున్నాడు. “మనవాడికి రెండు ప్రశ్నలున్నాయంట సార్. ముచ్చట తీర్చండి, తర్వాత నేను ఆవిణ్ణి తీసుకుపోతాను.”

“పథకం ఎలా నడుస్తుందో నాకు సరిగ్గా అర్థం కాలేదండీ,” అన్నాను.

అధ్యక్షుడి మొహం విప్పారింది. అడిగేవాళ్ళ కోసం ఎదురుచూసినట్టుంది. “చాలా సులువు. రాత్రి గుడ్డ కట్టాలి. పొద్దున్నే లేచి ఎవరి గుడ్డ వాళ్ళు తీసుకుని, తమ గదిలో కొక్కేనికి తగిలించుకోవాలి. ఆ కొక్కేలు కూడా గ్రాంటులోనే వేయించాను. మేడం ప్రత్యేకంగా మెచ్చుకున్నారు.”

“ఎవరిది వాళ్ళ గదిలోనే?”

“ఇంకెక్కడ పెట్టుకుంటారు?”

నేను ఇన్‌స్పెక్టరు వైపు చూశాను. అతనికి అప్పటికి తెలియదు. చెప్పాను. జతల సంగతి, జారుముడి సంగతి, జత లేని రోజున గుడ్డ టైలరమ్మ సంచిలోకి వెళ్తుందన్న సంగతి. “ఆకుపచ్చ గుడ్డను తాత కొక్కేనికి, అదీ పిన్నిగారి గుడ్డ మీద, ఈ భవనంలో ఉండేవాళ్ళెవరూ తగిలించరు. టైలరమ్మ అసలే తగిలించదు. నాడా తెంపనూ తెంపదు, ఆ ముడి నేర్పిందే ఆమె. తీసినవాడికి తాళం ఉంది. అర్జీ కంఠతా వచ్చు. ఇక్కడి పొద్దున్నలు మాత్రం తెలియవు.”

“నేను తొమ్మిదింటికి మేడంతో పాటు వచ్చాను,” అన్నాడు అధ్యక్షుడు.

“మూడో అంతస్తులో బ్యానరు బాగుందండీ. మలుపు తిరగ్గానే కళ్ళకు తగులుతుంది. ఎవరు కట్టారు?”

“నేనే, ప్రెస్సు నుంచి తెచ్చి...” అని ఆగిపోయాడు.

“మేడం ఎక్కి వచ్చేసరికే కట్టి ఉందట.”

అతని చెయ్యి పక్కనున్న కుర్చీ వీపు మీద పడింది. దాన్ని అంగుళం ఇటు జరిపాడు, అంగుళం అటు జరిపాడు. ఇన్‌స్పెక్టరు గోడ వదిలి ముందుకు వచ్చాడు.

“పోయాడనుకున్నానండీ,” అన్నాడు అధ్యక్షుడు. “ఎనిమిదింటికి బ్యానరు కట్టి చూస్తే ఒక్క తలుపుకే గుడ్డ వేలాడుతోంది. తీసి చూస్తే పడి ఉన్నాడు. పోయిన మనిషికి ఇంక చేసేదేముంది? మేడం వెళ్ళాక చెబుదామనుకున్నాను. ఒంటరిగా ఎవరూ పోకూడదని పెట్టిన పథకం, చూడ్డానికి వాళ్ళొచ్చిన రోజే...”

“పోయినవాడికి దిండు పెట్టారా?”

అతను కుర్చీ వీపు వదిలేశాడు.

“దుప్పటి కూడా సర్దారు. మీ అలవాటు అది. ఇందాకట్నుంచి చూస్తున్నాను.”

అధ్యక్షుడు తను సర్దిన కుర్చీలోనే కూర్చున్నాడు. కూర్చున్నాక చిన్నగా కనిపించాడు. ఆ తర్వాత చెప్పిందంతా నేలకు చెప్పాడు.

“తలుపు తట్టాను. లోపల్నుంచి ‘లేచానమ్మా’ అన్నాడు. ఎవరో ఆడమనిషి అనుకున్నట్టున్నాడు. ‘లేచాను గానీ లేవలేకపోతున్నా, తాళం తీసుకో’ అన్నాడు. తీశాను. తుంటి పట్టేసిందన్నాడు. అంబులెన్సుకు ఫోన్ చేద్దామని తీశాను కూడా. అది వస్తే, మేడం మెట్లెక్కే టైముకు స్ట్రెచరు దిగుతుంది. దిండు తెచ్చి తల కింద పెట్టి, పక్కన కూర్చుని బతిమాలాను. ఒక్క గంట ఓర్చుకో తాతా, ఈ గ్రాంటు పోతే రేపట్నుంచి ఇక్కడ ఎవరూ ఎవరినీ పలకరించరు, ఆవిడ వెళ్ళేదాకా చప్పుడు చెయ్యకు అన్నాను.”

“ఆయనేమన్నాడు?” అని అడిగింది నేను కాదు. ఇన్‌స్పెక్టరు.

“‘సరే నాయనా, నేను కదలన్లే. నువ్వెళ్ళి పని చూసుకో’ అన్నాడు.”

అధ్యక్షుడు పక్క కుర్చీని వరసలోకి లాగి మళ్ళీ మొదలుపెట్టాడు.

“తొమ్మిదింటికి మేడం ఆ వరండాలోనే నిలబడి ఫోటోలు తీసింది. లోపల్నుంచి చిన్న మూలుగు కూడా రాలేదు. తర్వాత టీ తాగింది, మిగతా భవనాలు చూపించమంది. కాదనలేకపోయాను. నేను మళ్ళీ వచ్చేసరికి సాయంత్రమైంది. కళ్ళు మూసుకుని ఉన్నాడు. పిలిచాను, పలకలేదు. చెయ్యి పెట్టి చూడ్డానికి ధైర్యం చాల్లేదు. నిజంగా పోయాడనే అనుకున్నాను. తాళం వేసి వెళ్ళిపోయాను.”

“బుధవారం రాత్రిదాకా ఉన్నాడండీ,” అన్నాను. “స్పృహ వచ్చాక గోడ కొట్టాడు. అవతల ఎవరూ లేరు.”

అధ్యక్షుడు నావైపు చూశాడు. ఆ సంగతి అతనికి తెలియదని ఆ చూపులోనే అర్థమైంది. ఎవరూ అడగకుండానే, “నన్ను ఎవరైనా పేరు పెట్టి పిలిచేది ఈ సంఘం వల్లే,” అన్నాడు.

ఇన్‌స్పెక్టరు అతని భుజం మీద చెయ్యి వేసి లేపాడు. గుమ్మం దాటేటప్పుడు నా దగ్గర ఆగి, “ఆవిణ్ణి పైకి వెళ్ళమను,” అన్నాడు. పరీక్ష ఊసెత్తలేదు.

*

టైలరమ్మ మెట్ల మీద కూర్చుని ఉంది. జీపు వెళ్ళిన చప్పుడు విన్నట్టుంది. నేను ఆమెకు రెండు మెట్లు కింద కూర్చుని, అధ్యక్షుడు చెప్పింది చెప్పినట్టు చెప్పాను. దాచడం నాకు చేతకాదు.

“సరే అన్నాడా,” అంది. “అంటాడు. మొండివాడు గానీ, పని ఉందంటే అడ్డం పడేవాడు కాదు.”

తర్వాత అడిగింది. “బుధవారం నేను తలుపు తట్టి ఉంటే ఉండేవాడు కదా బాబూ?”

ఆమె మీద కేసు పోయింది. తాళం గుత్తి ఆమె చేతిలోనే ఉంది. ఆ ప్రశ్న కూడా ఆమె దగ్గరే ఉండిపోతుంది, దాన్ని తీసుకెళ్ళే జీపు ఏదీ లేదు.

“ఉండేవాడేమో,” అన్నాను. ఆ ‘ఏమో’ నేను చేర్చింది. బతికే ఉన్నాడన్న డాక్టరు మాటలో అది లేదు.

ఆమె తలూపింది. పైన ఎవరో తలుపు తీసి, “టైలరమ్మా, ఉన్నావా?” అని పిలిచారు. “ఉన్నా, వస్తున్నా,” అని లేచి, మోకాళ్ళు పట్టుకుని, నెమ్మదిగా మెట్లెక్కి వెళ్ళింది.

చదివేవారికి ఒక మనవి. తప్పెవరిదో, శిక్షెంతో కోర్టు చూసుకుంటుంది. గ్రాంటు మళ్ళీ వస్తుందో రాదో సంస్థ చూసుకుంటుంది. ఆ మంగళవారం వరండాలో ఫోటోలు తీస్తుండగా, తలుపుకు అవతల, విరిగిన తుంటితో నేల మీద పడుకుని, ఇరుగుపొరుగు మేలు కోసం పళ్ళ బిగువున మూలుగు ఆపుకున్న ముసలాయన ఒకడున్నాడు. ఆ గంట ఆయన ఏం తలుచుకున్నాడో మనకు తెలియదు. శవం కోసం ఆసుపత్రికి బంధువులెవరూ రాలేదు. లిఫ్టు తాతను మీరు గుర్తుపెట్టుకోండి.